ముప్పై ఎనిమిదో టోకెన్

కోడలికి లోకంలో అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. పాప గుక్కపట్టి ఏడుస్తూ ఉంటే, ఆ ఏడుపు ఇంట్లో ఎవరి చెవినా పడకపోవడం. దొంగలంటే ఆమెకు అంత భయం లేదు. జ్వరమొస్తే మందుంది, దెబ్బ తగిలితే కట్టుంది. కానీ పిలిస్తే పలికేవాళ్లు లేకపోతే ఎనిమిది నెలల పిల్ల ఏం చేస్తుంది?

మూడు వారాల క్రితం ఆ భయం నిజంగానే ఎదురైంది. మధ్యాహ్నాలు ఆమె ముందు గదిలో బట్టలు కుట్టేది. మిషన్ చప్పుడులో తనకేమీ వినబడదు కనుక పాపను లోపలి గదిలో అత్తగారికి అప్పజెప్పేది. ఆ రోజు దారం తెగి మిషన్ ఆగింది. ఆగగానే లోపలి నుంచి ఏడుపు. అప్పుడు మొదలైన ఏడుపు కాదు, ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతు. పరుగెత్తి వెళ్లి చూస్తే చెక్క ఊయలలో పాప ముఖం కమిలిపోయి ఉంది. ఊయలకు రెండడుగుల దూరంలో, అటు తిరిగి కూర్చుని, అత్తగారు తాపీగా తువ్వాళ్లు మడతపెడుతున్నారు.

ఆ రోజు కోడలు ఏమీ అనలేదు. కానీ అప్పటి నుంచి ఐదు నిమిషాలకోసారి మిషన్ ఆపి చెవి ఒగ్గేది. రోజుకు నాలుగు జాకెట్లు కుట్టే మనిషి రెండు కుట్టడమే గగనమైంది.

ఆ ఆదివారం పొద్దున మామూలుగానే తెల్లారింది. అత్తగారు వంటింట్లో కెటిల్‌కు ఎదురుగా నిలబడి దాన్నే చూస్తున్నారు. కోడలి భర్త, బస్సు డ్రైవరు, డ్యూటీ చొక్కా గుండీలు పెట్టుకుంటూ నవ్వాడు.

"అమ్మా, ఆ కెటిల్ ఎక్కడికీ పారిపోదులే. ఈల వేస్తుందిగా, వచ్చి కూర్చో."

ఆవిడ కదల్లేదు. కెటిల్ కొమ్ములోంచి ఆవిరి తన్నుకొచ్చాకే దించి, మూడు కప్పులతో లోపలి గదిలోకి వచ్చారు. తలుపు కనబడేలా, ఎప్పుడూ కూర్చునే కుర్చీలోనే కూర్చుని, పేపరు పరిచి ఒక మూల వేలు పెట్టారు.

"ఇవాళే. పదకొండింటికి. ఆ వయొలిన్ ఆయన ఈ ఊరొచ్చి తొమ్మిదేళ్లయింది."

"టికెట్లు అమ్మకం పెట్టిన గంటలోనే అయిపోయాయమ్మా. వారం నుంచీ బస్సెక్కిన ప్రతివాడిదీ అదే గోల."

కొడుకు మాట్లాడుతుంటే ఆవిడ అతని ముఖం వైపే చూశారు.

"అయిపోయింది కుర్చీలురా. నిలబడి వినే టికెట్లు నలభై ఉంటాయి. అవి కచేరీ రోజు పొద్దునే ఇస్తారు. తొమ్మిదికి పక్క వాకిట్లో టోకెన్లు పంచుతారు. పదింటికి కిటికీ తెరిచి నంబర్లు పిలుస్తారు. రెండుసార్లు పిలుస్తారు, అంతే. పలక్కపోతే తర్వాతి వాళ్లకి పోతుంది. ఇరవై రెండేళ్లు ఆ హాలు తుడిచినదాన్ని, నాకు తెలియదా?"

"నేననేదీ అదే. ఇరవై రెండేళ్లు అక్కడే ఉన్నావు, ఇంకా తనివి తీరలేదా?"

"తుడిచాన్రా," అన్నారావిడ. "వినలేదు."

కోడలు పాపకు పాలు పడుతూ తలెత్తి చూసింది. అత్తగారి గొంతులో ఆ దాహం ఆమె ఎప్పుడూ వినలేదు.

"పొద్దున పూట వాళ్లు సాధన చేసుకుంటుంటే, చివరి వరస వెనకాల ఇత్తడి కడ్డీ తుడుస్తూ ఉండేదాన్ని. వాయించిందే పదిసార్లు వాయించేవాళ్లు, మధ్యలో ఆపేసేవాళ్లు. జనం వచ్చే వేళకి మేం బకెట్లు సర్దుకుని బయటికి పోవాలి. ఎత్తుకోవడం విన్నాను, ఆపెయ్యడం విన్నాను. ఒక్కటంటే ఒక్కటి చివరి దాకా వినలేదు."

"ఆ మోకాళ్లతో రెండు గంటలు నిలబడతావా?"

"కడ్డీ పట్టుకుంటాను. అదీ నేనూ పాత స్నేహితులం."

"సరే, నీ స్నేహితుణ్ణి అడిగానని చెప్పు," అని నవ్వుతూ టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు డ్రైవరు.

కోడలికి నవ్వు రాలేదు. మనసులో మూడు వారాల నాటి ముల్లు మళ్లీ కదిలింది. ఎక్కడి వయొలిన్‌కో ఇంత ఆరాటమా? పాప ఏడుపుకు తిరిగి చూడని మనిషికి?

ఊయలలో పాత గుడ్డలు తీసి కొత్తవి పరుస్తుంటే ఆమె చేతికి ఏదో తగిలింది. వంగి చూసింది. ఊయలతో పాటే ఊగే వంపు కాలికి సన్నని నూలు తాడు. అది గోడవారగా పాకి అత్తగారి కుర్చీ దాకా వెళ్లింది. ఆ చివర ఒక ఉచ్చు. కోడలు ముడి విప్పింది. తాడు చేత్తో పట్టుకుని వంటింట్లోకి వెళ్లి అత్తగారి ముఖం ముందు ఆడించింది.

"అత్తయ్యా, ఏమిటిది?"

"అదా... పిచ్చుక కదిలితే నాకు తెలియాలని కట్టానమ్మాయ్." పాపను ఆవిడ పిచ్చుక అనే పిలిచేవారు.

"పసిపిల్ల దగ్గర తాడా! మెడకు చుట్టుకుంటే ఎవరు దిక్కు?"

"చుట్టుకోదు తల్లీ. కింద, కాలికి కట్టాను. రా, చూపిస్తాను..."

"పక్కనే కూర్చునేవాళ్లకు తాడెందుకండీ? ఏడిస్తే వినబడదా?"

అత్తగారు తాడు కోసం చెయ్యి చాచారు. కోడలు వెనక్కి లాక్కుంది.

"ఆవేళా అంతే. పిల్ల కమిలిపోతుంటే మీరు తువ్వాళ్లు మడతపెడుతున్నారు. ఆ రోజు అననిది ఇవాళ అంటున్నాను. తొమ్మిదేళ్లకోసారి వచ్చే వయొలిన్ మీద ఉన్న ధ్యాస, చేతికందే దూరంలో ఉన్న పిల్ల మీద లేదు మీకు!"

ముందు గదిలోకి వచ్చి, మిషన్ మీది కత్తెర తీసుకుని తాడును రెండు చోట్ల కత్తిరించింది. ముక్కలు నేల మీద పడ్డాయి. వెనకే వచ్చిన అత్తగారు వాటి వైపు చూశారు. తర్వాత శాలువా కప్పుకుని, చెప్పులు వేసుకున్నారు.

"హాలు దగ్గర ఉంటాను," అన్నారు. గొంతులో కోపం లేదు. అందుకే కోడలికి మరీ ఒళ్లు మండింది.

కానీ ఆవిడ మెట్లు దిగుతుంటే ఆ వంగిన వీపు చూసి మనసు ఒప్పుకోలేదు. గడప దాకా వచ్చి, "అత్తయ్యా!" అంది. ఆవిడ దిగుతూనే ఉన్నారు. "అత్తయ్యా, టిఫినైనా తిని వెళ్లండి!" ఆగలేదు. మూడోసారి గట్టిగా పిలిచింది. తల కూడా తిప్పలేదు.

"అబ్బో, ఎంత పంతం!" అనుకుంటూ తలుపు వేసుకుంది కోడలు.

పాపను నిద్రపుచ్చి, గుడ్డలు ఉతికి ఆరేసి, కెటిల్ పొయ్యి మీద పెట్టి మిషన్ ముందు కూర్చుంది. ఒక జాకెట్ చెయ్యి కుట్టడం కూడా పూర్తి కాలేదు, అలవాటుగా మిషన్ ఆపేసరికి వంటింట్లో కెటిల్ ఈల వేస్తోంది. లేచింది. రెండడుగులు వేసి ఆగిపోయింది.

ఈల వేస్తే తెలుస్తుందిగా అన్నాడు భర్త. మరి అత్తగారు ఏనాడైనా ఈల కోసం ఆగారా? ఎప్పుడూ దాని ఎదురుగా నిలబడి ఆవిరి కోసం చూడటమే. ఎప్పుడూ తలుపు కనబడే కుర్చీలో కూర్చోవడమే. ఎవరేం చెప్పినా ముఖంలోకి చూసి నవ్వి, ఊ అనడమే.

కోడలు నేల మీది తాడు ముక్కలు ఏరింది. ఉచ్చు ఉన్న ముక్కకు మెత్తని పాత గుడ్డ చుట్టి ఉంది. మణికట్టుకు ఒరుసుకోకుండా చుట్టుకున్న గుడ్డ. పాప కాళ్లాడిస్తే ఊయల ఊగుతుంది. ఊయల ఊగితే తాడు లాగుతుంది. ధ్యాస లేని మనిషి చేసే పనా ఇది? ఆవిడ మూడు వారాలుగా తన మనవరాలి ఏడుపును చేత్తో వింటున్నారు.

మెట్ల మీద ఆగకపోవడం పంతం కాదు. తన పిలుపు ఆవిడకు చేరనేలేదు.

ఆ వెంటనే పొద్దున అత్తగారన్న మాట గుర్తొచ్చింది. 'రెండుసార్లు పిలుస్తారు, అంతే.'

గోడ గడియారం పదికి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. పొయ్యి ఆర్పి, నిద్రలో ఉన్న పాపను భుజాన వేసుకుని, ఒక చెప్పు సరిగ్గా తొడగకుండానే కోడలు వీధిలో పడింది. పుట్టాక పాపను టీకాలకు తప్ప వీధి చివర దాటించని మనిషి, రెండు బస్టాపుల దూరం బస్సు కోసం ఆగకుండా నడిచింది, నడక కాస్తా పరుగైంది.

హాలు పక్క వాకిలి నిండా జనం. కిటికీలో కళ్లజోడు గుమాస్తా నంబర్లు పిలుస్తున్నాడు. "ముప్పై ఐదు!" ఒకాయన చెయ్యెత్తి ముందుకు పోయాడు. "ముప్పై ఆరు!"

తొమ్మిదో తరగతితో బడి మానేసినప్పటి నుంచీ కోడలికి కిటికీలంటే, కిటికీల వెనక కూర్చునే మనుషులంటే బెదురు. బ్యాంకులోనైనా ఆసుపత్రిలోనైనా భర్త వెనక నిలబడేదే కానీ నోరు విప్పేది కాదు. ఇప్పుడు జనాన్ని తోసుకుంటూ వెతికింది. గోడ పక్క బెంచీ మీద శాలువా కనిపించింది. అత్తగారు మెడ సాచి గుమాస్తా పెదాలు చూడాలని తంటాలు పడుతున్నారు. ముందు నిలబడ్డ పొడుగాటి మనిషి వీపు తప్ప ఆవిడకు ఏదీ కనబడటం లేదు.

"అత్తయ్యా," అంది వెనక నుంచి. ఆవిడ తిరగలేదు.

"ముప్పై ఎనిమిది!" అన్నాడు గుమాస్తా.

ఎవరూ కదల్లేదు. కోడలు ముందుకు వచ్చి అత్తగారి పిడికిలి పట్టుకుంది. ఆవిడ ఉలిక్కిపడ్డారు. వేళ్లు విప్పి చూస్తే చెమటకు తడిసిన అట్టముక్క. మూడు, ఎనిమిది.

"ముప్పై ఎనిమిది, రెండోసారి! లేరా? సరే, ముప్పై తొమ్..."

"ఉన్నారు!"

తన గొంతు అంత పెద్దదని ఆమెకే తెలియదు. "ఉన్నారు! ముప్పై ఎనిమిది ఇక్కడే ఉన్నారండీ!" వాకిలంతా ఇటు తిరిగింది. పాప లేచి ఆరున్నొక్క రాగం అందుకుంది.

"ఇంత గొంతులున్నవాళ్లు బయటెందుకమ్మా, ఇద్దరూ వేదికెక్కండి," అన్నాడు గుమాస్తా. జనం నవ్వారు. "పిలిచినప్పుడు పలకొద్దూ మరి?"

"ఆవిడకు వినబడదండీ."

అన్నాక గాని తానేమందో తెలియలేదు. అత్తగారు ఆమె పెదాలే చూస్తున్నారు. ఆ మాట అందింది. దొంగతనం బయటపడ్డట్టు తల దించుకున్నారు. నవ్వులు ఆగిపోయాయి. ముప్పై తొమ్మిదో నంబరు పెద్దావిడ పక్కకు జరిగి, "ముందు ఆవిడకివ్వండయ్యా," అంది. గుమాస్తా ఇంకో మాట లేకుండా టికెట్ చింపి అందించాడు.

బెంచీ మీద కోడలు ఈసారి ఎదురుగా కూర్చుంది.

"ఎప్పటి నుంచి అత్తయ్యా?"

"ఏడాదిన్నర. ముందు పిచ్చుకల కూత పోయింది. తర్వాత కెటిల్ ఈల. పైస్థాయివన్నీ ఒక్కొక్కటే పోతున్నాయట, డాక్టరు చెప్పాడు. పసిపిల్లల ఏడుపూ పైస్థాయే కదమ్మా." ఆవిడ ఏడుస్తున్న పాప పాదం పట్టుకున్నారు. "చూడు, ఇంత దగ్గర్లో ఉంది. నోరు కనబడుతోంది. అంతే. వయొలిన్‌లో కింది తీగ మాత్రం ఇంకా అందుతోంది. అదీ పోయేలోపు, ఒక్కటైనా చివరి దాకా..."

"నాకొక్క మాట చెప్పకూడదా?"

"చెబితే పిల్లని నా చేతికిస్తావా?"

కోడలు అబద్ధం చెప్పలేకపోయింది. ఇచ్చేది కాదు. ఆవిడకూ తెలుసు, తనకూ తెలుసు. ఆమె అత్తగారి మణికట్టు తిప్పి చూసింది. గుడ్డ చుట్టినా తాడు ఒరుసుకున్న చోట సన్నని ఎర్ర గీత. దాని మీద నుదురు ఆనించి బావురుమంది. అత్తగారు ఒక చేత్తో కోడలి తల, ఇంకో చేత్తో పిల్ల పాదం పట్టుకుని, ఎవర్ని ముందు ఊరుకోబెట్టాలో తెలియక, "ఊరుకోండర్రా, జనం నన్ను గయ్యాళి అత్తనుకుంటారు," అన్నారు. ఏడుపులోనే నవ్వొచ్చింది కోడలికి.

"వెళ్లండి. కడ్డీ మధ్యలో చోటు చూసుకోండి. మేం ఇక్కడే ఉంటాం."

కచేరీ మొదలయ్యాక వాకిలి ఖాళీ అయింది. పక్క తలుపు మూశారు. పాప మళ్లీ నిద్రపోయింది. కోడలు మూసిన తలుపుకు అరచెయ్యి ఆనించింది. ముందు ఏమీ లేదు. తర్వాత చెక్క లోపల ఎక్కడో సన్నగా, తేనెటీగ రెక్కల్లా, ఒక వణుకు. లోపల అత్తగారి చేతుల కింద ఇత్తడి కడ్డీ కూడా ఇలాగే వణుకుతూ ఉంటుంది. ఇన్నేళ్లుగా ఆవిడ దేనికోసం ఎదురుచూశారో అప్పుడు కొంచెం తెలిసింది. ఆ వణుకు ఆగేదాకా, చప్పట్ల హోరు తలుపును గట్టిగా తాకేదాకా, ఆమె చెయ్యి తియ్యలేదు.

అందరికంటే చివర అత్తగారు బయటికి వచ్చారు. కళ్లు తడిగా ఉన్నాయి.

"ఎలా ఉందత్తయ్యా?" ఎదురుగా నిలబడి, నెమ్మదిగా అడిగింది.

"మధ్యమధ్యలో పైస్థాయి స్వరాలు జారిపోయాయి. ఆయన చెయ్యి ఆడుతోంది, నాకేమీ అందలేదు. కానీ ముగింపు మాత్రం కిందికి దిగొచ్చింది, అమ్మాయ్. నా కోసమే దిగొచ్చినట్టు దిగొచ్చింది. ఇలా ముగుస్తుందని నాకు తెలియనే తెలియదు."

ఇంటికొచ్చాక కోడలు మిషన్ డబ్బాలోంచి గట్టి నాడా తీసింది. ఊయల కాలికి ఒక కొస కట్టి, రెండో కొసకు పాత ఉచ్చే కుట్టి, అత్తగారి మణికట్టుకు తనే తొడిగింది. తర్వాత ముందు గదిలోని మిషన్ జరిపి, అత్తగారి కుర్చీకి ఎదురుగా పెట్టుకుంది.

ఇక మీకో మాట. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో, ఈ మధ్య మాటలు తగ్గించి అన్నిటికీ నవ్వి ఊ అంటున్న పెద్దవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఇవాళే ఒకసారి వెళ్లి, వెనక నుంచి పిలిచి చూడండి. తిరగకపోతే కోపం తెచ్చుకోకండి. చుట్టూ తిరిగి ఎదురుగా వచ్చి కూర్చుని, ఎలా ఉన్నారని అడగండి.