నాన్న కడిగిన సీసా

ఆదివారం పొద్దున్న ఆ ఇంట్లో అందరికంటే ముందు లేచేది కాలువ మేస్త్రీ. ముప్పై ఐదేళ్లు మురుగుకాలువల్లో దిగి పూడిక తీసిన మనిషి, రిటైరయ్యాక తన పట్టుదలంతా ఇంటి శుభ్రం మీద పెట్టాడు. ఆయన కంటబడితే చెప్పుల అడుగులు కూడా మెరవాల్సిందే. అలాంటి తండ్రికి కూతురై పుట్టి, పెద్ద చదువులు చదివి, సైంటిస్టయి, ఆ పిల్ల ఇంటికి తెచ్చిందేమిటయ్యా అంటే సీసాడు బురద.

అద్దకాల ఫ్యాక్టరీ వెనక కాలువలోది ఆ బురద. అందులోని సూక్ష్మజీవులు రంగునీళ్లలోని విషాన్ని తింటాయి, తింటూ కాస్త కరెంటు కూడా ఇస్తాయి. ఎనిమిది నెలలు సాకితే సీసాకు తగిలించిన చిన్న ఎర్రదీపం వెలిగింది. ల్యాబులోని రెండు సీసాలూ ఏసీ చలికి చల్లబడిపోయాయి. వంటింటి పక్క వెచ్చటి వసారాలో ఉన్న ఈ ఒక్కటే మిగిలింది. ఇంకో ఎనిమిది రోజుల్లో ఫ్యాక్టరీవాళ్లు చూడటానికి వస్తారు. దీపం వెలిగితే కాలువ ఒడ్డున పెద్ద తొట్టె కట్టిస్తారు, లేదంటే పని అక్కడితో ఆగిపోతుంది.

కూతురు కాఫీ గ్లాసుతో వసారాలోకి వచ్చి ఆగిపోయింది. సీసా తళతళలాడుతూ బోర్లించి ఉంది. కరెంటు పట్టే నల్లటి కార్బన్ గుడ్డ నాన్న బనీను పక్కన క్లిప్పుతో వేలాడుతోంది.

"నాన్నా, నా సీసా..."

"కడిగేశా. లోపల మసిగుడ్డ ఉంటే సబ్బేసి ఉతికి ఆరేశా."

"మీ చాదస్తం తగలెయ్యా," అంది తల్లి పొయ్యి కట్టేసి వస్తూ. "అది మసిగుడ్డ కాదండీ, పిల్ల ఎనిమిది నెలల కష్టం."

కూతురి కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. "నీకేం అడ్డమొచ్చింది నాన్నా అది?"

"అడ్డమే. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. నువ్వు తొక్కకూడదనే కదే నేనన్నేళ్లు తొక్కింది. నిన్న భోజనాల దగ్గర నీ గోళ్లలో నలుపు చూశా. అచ్చం నా చేతులే. ఆ ముద్ద నాకిక దిగలేదు."

ఆమె కోపం సగం అక్కడే కరిగింది. మిగతా సగం మాటల్లో వచ్చేసింది.

"నువ్వు ఇక్కడి బురద తీసి అక్కడ పోసేవాడివి. విషం అలాగే ఉండేది, మళ్లీ నువ్వే దిగేవాడివి. నీ కాళ్ల పుళ్లకి అమ్మ మందు రాస్తుంటే టార్చి పట్టుకున్నది నేనే నాన్నా. ఇంకెవరూ అందులో దిగకూడదనే ఈ పని ఎంచుకున్నా. ఇప్పుడదంతా ఏ కాలువలో కలిసిందో ఏమో."

అంతసేపూ తలొంచుకున్న మేస్త్రీకి రోషం వచ్చింది.

"కాలువలోనా? బురద తీసుకెళ్లి కాలువలో పోస్తానా నేను? నా సర్వీసులో గుప్పెడు కూడా తూములో వదల్లేదు. మెట్లకింద బకెట్లో ఉంది. కంపు రాకుండా పైన జానెడు నీళ్లు నిలబెట్టి, మూత బిగించా."

కూతురు మెట్లకిందికి పరుగెత్తింది. మూత వేలెడంత తీసి, చప్పున మూసేసింది. ఏడుస్తూనే నవ్వింది.

"నాన్నా, వీటికి గాలి తగలకూడదు. నీళ్లు, మూత... సరిగ్గా అదే చేశావు. బతికుంటే వారంలో కొత్త గుడ్డకి పట్టుకుంటాయి."

బురద మళ్లీ సీసాలోకెక్కింది. మేస్త్రీ దాని పక్కన కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాడు. చీపురుతో అటు వచ్చిన భార్యను, "నెమ్మది, కదిలిస్తావ్," అని కసిరాడు. ఆరు రోజులు దీపం కిమ్మనలేదు. ఆయనకి తిండీ సహించలేదు.

ఏడో రోజు పొద్దున్నే కూతురి గది తలుపు దగ్గర నిలబడి మెల్లగా పిలిచాడు.

"సైంటిస్టమ్మా, నీ పనివాళ్లు డ్యూటీకొచ్చారు."

ఆవగింజంత ఎర్రటి వెలుగు. ముగ్గురూ దాని ముందు గొంతుక్కూర్చున్నారు.

"రేపు వాళ్లకి దీన్ని నువ్వే చూపించాలి నాన్నా. కాపాడింది నువ్వు."

"పాడు చేసిందీ నేనేగా," అన్నాడాయన.

"ఆ చేతులు చూసుకోండి, లేచి కడుక్కోండి," అంది తల్లి. సీసా అంచున కారిన బురద వట్టి చేత్తోనే తుడిచాడు కాబోలు, గోళ్లన్నీ నల్లగా ఉన్నాయి.

మేస్త్రీ తన చెయ్యి తీసుకెళ్లి కూతురి చేతి పక్కన పెట్టాడు.

"కాసేపు ఉండనీవే," అన్నాడు.