ఏడో మంచం చిరునామా

ఆదివారం మధ్యాహ్నం. ఆసుపత్రి కింది అంతస్తులో, కిటికీల్లేని సర్వర్ గదిలో, నెట్‌వర్క్ చూసే అమ్మాయి ఒక్కతే కూర్చుని ఉంది. పైన ఐసీయూలో, ఏడో మంచం మీద వాళ్ళమ్మ. అందుకే సెలవైనా ఎవరూ పిలవకుండానే వచ్చింది. చేతికి పని ఉంటే భయం కాస్త తగ్గుతుందని ఆశ.

రెండింటికి తెర మీద మంచాల పేర్లు ఒక్కొక్కటే ఎర్రబడ్డాయి. పైనున్న మానిటర్లకేం రోగం లేదు, నంబరు కొట్టి పిలిస్తే పలుకుతున్నాయి. పేరు పెట్టి పిలిస్తేనే ఉలుకూ పలుకూ లేదు. ఏ పేరుది ఏ నంబరో చెప్పే డీఎన్ఎస్ సర్వర్ మొరాయించిందన్నమాట. "ఓస్, ఇంతేనా" అనుకుని రీస్టార్ట్ చేసింది. పేర్లన్నీ పచ్చబడ్డాయి.

కానీ ఒక్క పేరు అసలు ఎర్రబడనే లేదు. ఏడో మంచం.

వెతికితే దొరికింది. సర్వర్‌ని అడిగే పని లేకుండా, హోస్ట్స్ ఫైల్లో ఏడో మంచం పేరూ, దాని నంబరూ కలిపి ఎవరో చేత్తో ఒక లైను కొట్టి పెట్టారు. అలాంటి అలవాటు ఆమెకి పని నేర్పిన మాస్టారిదే. "తాత్కాలికంగా ఏం రాసినా పక్కన నీ పేరూ, తీసెయ్యాల్సిన టైమూ రాయమ్మా. లేకపోతే తర్వాత వచ్చినవాడికి చచ్చే చావే" అని నవ్వేవారు. నెల కిందట అదే ఏడో మంచం మీద పోయారు, పాపం. ఈ లైను పక్కన మాత్రం పేరూ లేదు, టైమూ లేదు.

పైగా అందులో ఉన్నది పాత మానిటర్ నంబరు. మాస్టారు పోయాక దాన్ని విప్పేసి, ఈ గదిలోనే అరలో పడేశారు. విప్పేసినది ఇంకా పచ్చగా ఎలా ఉందో ఏమో గానీ, తప్పు నంబరు ఉంటే అమ్మ గుండె సంగతి తెర మీద ఎలా తెలుస్తుంది? లైను చెరిపేసింది.

ఫోను మోగింది. నర్సు.

"అక్కా... అమ్మకి నాడి అందట్లేదు!"

"తెర చూసి చెప్తున్నావా?"

"కాదక్కా... చెయ్యి పట్టుకునే ఉన్నా..."

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. అదే లైను మళ్ళీ కొట్టింది. సేవ్ చేసింది.

ఒకటి... రెండు... మూడు...

"వచ్చిందక్కా! కొట్టుకుంటోంది!" నర్సు ఏడుస్తోంది. ఆమె కూడా బావురుమంది.

అప్పుడు వినపడింది. వెనక అరలోంచి.

బీప్... బీప్...

పాత మానిటర్. ప్లగ్గు గాల్లో వేలాడుతోంది. ముట్టుకుంటే వెచ్చగా ఉంది.

ఫైలు మళ్ళీ తెరిచింది. లైను పక్కన తను ఏమీ రాయలేదు. ఇప్పుడు రాసి ఉంది. మాస్టారి పేరు. దాని పక్కన... "తాత్కాలికం. రేపు పొద్దున ఆరింటికి తీసేస్తాను."

"వద్దు మాస్టారూ... మీకు పుణ్యముంటుంది..." అని గొణుక్కుంటూ ఆ టైము చెరిపేసి, పదేళ్ళ తర్వాతి తేదీ కొట్టింది. సేవ్ చేసి, మళ్ళీ తెరిచింది.

"రేపు పొద్దున ఐదింటికి" అని ఉంది.