ఎంగిలి బాకా

అమావాస్య... మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు! మార్కాపురం శివారున పలకల రాళ్ల గుట్టలు అగ్నిగుండాల్లా కనలుతున్నాయి. దారితప్పిన గుడ్లగూబ ఒకటి పట్టపగలే భీకరంగా అరిచింది. మేఘమే లేని నభోమండలంలో పిడుగు... ఫెళఫెళా!

పేరుకు కోటి. ఇంట్లో ఉన్నది ఒక్కడు. ఆర్నెల్ల కిందట భార్య ప్రశాంతి పోయింది. పంచర్లు వేసుకునే కోటి, బ్యాండుమేళం వాయిద్యాల రిపేరు నేర్చుకోవాలని రెండేళ్లుగా సంతలో సొట్టలు పడ్డ పాత ఇత్తడి కొని తెచ్చుకుంటున్నాడు. ఇప్పుడు ఆ చప్పుడే తోడు. పలకల ఊళ్లో అతణ్ణి పలకరించేది సుత్తి ఒక్కటే!

పొద్దున గురవయ్య అనే గడ్డపాయన అమ్మిన బాకాను ఒళ్లో పెట్టుకున్నాడు. గొట్టంలో ఏదో కదిలింది...

"ఏమయ్యో... నేనయ్యా..."

ప్రశాంతి గొంతు! సుత్తి జారిపోయింది.

"యాడున్నావే?"

"ఈ గొట్టంలోనే... ఊపిరాడటం లే. ఒక్కసారి నోటితో ఊదు, బయటికొస్తా!"

గుమ్మంలో నీడ పడింది. గురవయ్య! రక్తారుణ నేత్రాలు... భస్మలిప్త లలాటం... చేతిలో కపాలం! ఆరుగురి ప్రాణవాయువులను ఆ బాకాలో బంధించిన క్షుద్రోపాసకుడు! ఏడో ఊపిరి అందితే వాడికి చావే లేదు. తంతు తప్పితే ఆ ఆరూ వాడినే మింగుతాయి!

"ఊదరా! నీ పెండ్లాం కావాల్నా, వద్దా?"

కోటి బాకా ఎత్తాడు. కళ్లు మసకబారాయి. పెదవులకు ఇంకొక్క అంగుళం...

"తొందరగా ఊదయ్యా! కడిగే పని లేదు!" గొట్టంలోంచి మళ్లీ ప్రశాంతి గొంతు.

చేయి ఆగిపోయింది. సంత బాకాను కడగకుండా నోట పెడితే చీపురెత్తిన మనిషి ప్రశాంతి! 'ఎవురి ఎంగిలో ఏమో, నీ పంచరు పంపుతో కొట్టి చూడు' అని నేర్పిందే ఆమె.

"నువ్వు నా ప్రశాంతివి కాదే..."

ఆ మాట అనడానికి మళ్లీ ఒకసారి ఆమెను పాడె ఎక్కించినంత పనైంది. వెడల్పు మూతిలో గుడ్డలు కుక్కి, రెండో కొనకు సైకిల్ పంపు బిగించి, బాకాను బకెట్ నీళ్లలో ముంచాడు.

"ఊదమంటివి గదా... ఇంద!"

ఒక్క పోటు! గొట్టానికున్న సన్నని చిల్లులోంచి బుడగలు... బుడగ బుడగకూ ఒక ఆర్తనాదం... ఆరు!

"పంపుతో కాదురా! నోటితో... నోటితో ఊదమంటి గదరా!" గురవయ్య వెనక్కి పరిగెత్తబోయాడు. ఆరు నల్లని ఆవిర్లు హోరుమంటూ వాడి నోట్లో, ముక్కుల్లో జొరబడ్డాయి! కపాలం భళ్లుమంది. ఆ మహాకాయం గాలి పోయిన ట్యూబులా ముడుచుకుని... గడపలో పిడికెడు బూడిద!

గుడ్లగూబ ఎగిరిపోయింది.

కోటి బాకాను చింతపండుతో తోమాడు. చిల్లుకు మాటు వేశాడు. మళ్లీ రెండుసార్లు తోమాడు. అప్పుడు వంటింటి వైపు తిరిగి...

"ఏమే, మూడుసార్లు తోమినా. ఇప్పుడు ఊదచ్చునా?"

బాకా ఒళ్లో పెట్టుకుని, పొద్దుగూకే దాకా ఊదకుండా అట్లే కూర్చున్నాడు.