తోక విరిగిన చక్కెర చిలుక

"జరుగు జర! నా రేకు ముందుగాల్ల వెట్టిన."

"నేను పొద్దుగాలనే వచ్చిన."

"వస్తే? ఒట్టి చేతులు ఊపుకుంట వచ్చినోడు లైన్ల ఉన్నట్టేనా?"

బెల్లంపల్లిలో, బాబు మియా బిస్కెట్ల భట్టీ ముందు అనసూర్య ఇలా అడిగేసరికి హనుమండ్లు తన ఒట్టి చేతులు చూసుకున్నాడు. పిండి డబ్బా ఇంట్లోనే మరిచి వచ్చాడు మహానుభావుడు! బొగ్గుగనిలోకి దిగేవాళ్లకు దీపాలందించే నౌకరీ అతనిది. షిఫ్టు వేళ అందరూ ఒక్కసారి మీదపడినా తొణకడు. అనసూర్య బాపుకు సద్ది పట్టుకుని గేటు దగ్గర కనిపించిందా, ఒకరి దీపం ఇంకొకరికి ఇచ్చి తిట్లు తింటాడు.

హోలీ వెళ్లిపోయింది. చక్కెర రేషన్ కార్డు మీద తప్ప దొరకని రోజులవి. అందుకే పండుగకు పిల్లల మెడల్లో వేసిన చక్కెర బిళ్లల దండలు మిగిలితే చీమలపాలు కానివ్వరు. దంచి, మైదాలో డాల్డాతో కలిపి, భట్టీకి తెచ్చి బిస్కెట్లు కాల్పించుకుంటారు. రేకులు కలిసిపోకుండా ఎవరి గుర్తు వాళ్లది. ఒకరు గోటితో గీత గీస్తారు, ఒకరు పల్లిగింజ అద్దుతారు. అనసూర్య ప్రతి బిస్కెట్ నడుమా వేలితో చిల్లు పెడుతుంది.

హనుమండ్లు పరేషాన్ కూడా చక్కెర దండదే. వాళ్ల ఇళ్లల్లో పిల్లను అడగదలచినవాళ్లు హోలీకి ఆ ఇంటికి చక్కెర దండ పంపుతారు. పిల్ల మెడలో వేసుకుంటే సరేనన్నట్టు. వద్దనుకుంటే ఒక్క బిళ్ల తగ్గకుండా వాపసు చేయాలి. హనుమండ్లు అంగడంతా గాలించి, కొసన చిలుక వేలాడే గులాబిరంగు దండ ఏరి, మేనత్త చంద్రవ్వతో అనసూర్య తల్లికి పంపించాడు. ఆ దండ మెడకూ ఎక్కలేదు, వాపసూ రాలేదు. అప్పటినుంచి అతనికి ఒకచోట కాలు నిలవడం లేదు, తిన్నది ఒంటబట్టడం లేదు.

అనసూర్య డబ్బా మూత తీసింది. లోపల గులాబిరంగు పొడి. దాని మీద తోక విరిగిన చిలుక.

హనుమండ్లు డబ్బా మీదికి వంగాడు.

"గిదేంది?"

"ఎవరో సంబంధపోళ్లు పంపిన దండ. అవ్వ వాపసియ్యనియ్యలే, మెత్తగ దంచిన. గీ చిలుకొక్కటే రోకలికి లొంగలే."

"ఎవరు పంపిండ్రో అడిగినవా?"

"ఎందుకడుగుత? మంచి పిలగాడు, నౌకరున్నది అని మా అవ్వ మొదలువెట్టంగనే చెవులు మూసుకున్న. ఆయనకు నోరు లేదా? తన బదులు చిలుక మాట్లాడుతదనుకున్నడా?"

"కొందరికి నోరు రాదు" అన్నాడు హనుమండ్లు నేల చూస్తూ.

"అవును. గసోంటోన్ని గేటుకాడ రోజూ చూస్తనే ఉన్న. దీపాలు తారుమారు చేస్తడు గని ఒక్క మాట మాట్లాడడు. గా మాట కోసం ఎదురుచూసుడు నాతోని ఇగ కాదు."

అని విసురుగా పిండి పిసకసాగింది. అది విని కలిగింది ఆనందమో భయమో హనుమండ్లుకే తెలియలేదు. రేకు భట్టీలోకి వెళ్లింది. అతను గోడ దాకా నడిచాడు, వెనక్కి వచ్చాడు, మళ్లీ నడిచాడు.

"కూసో బిడ్డా, నువ్వు తిరిగితే బిస్కెట్లు జల్ది కాలయి" అన్నాడు బాబు మియా.

రేకు బయటికి రాగానే అనసూర్య ఒకటి తీసి చేతిలో పెట్టింది. "తిను. పంపినోనికైతే దక్కలే."

కొరికాడు. నాలుక చురుక్కుమంది. మింగేశాడు.

"దక్కింది. గా దండ నేనే పంపిన."

"ఏమన్నవ్?"

"నేనే. అడుగుదామని నీ ముంగటికి వస్తే నోరు పెగుల్తలేదు. నువ్వంటే నాకు పాణం, అనసూర్య."

ఆమె ముఖం ఎర్రబడింది. డబ్బాలోని చిలుకను చూసింది, అతన్ని చూసింది.

"దంచినంకనా చెప్పేది!" అని బాబు మియా వైపు తిరిగింది. "చాచా, ఇంకింత గట్టిగ కాల్చు."

"అరె బేటీ, ఎర్రగైతయ్."

"కానియ్యి."

బిస్కెట్లు మూట కట్టుకుని, హనుమండ్లు వైపు చూడనైనా చూడకుండా వెళ్లిపోయింది. మధ్యాహ్నం రెండో షిఫ్టుకు దీపాలిస్తున్నా అతని కళ్లు గేటు మీదే ఉన్నాయి.

అనసూర్య వచ్చింది. చేతిలో సద్ది, మెడలో దండ! చక్కెర బిళ్లలుండాల్సిన దారానికి చిల్లు బిస్కెట్లు గుచ్చి ఉన్నాయి. కొసన తోక విరిగిన చిలుక. కార్మికులంతా నోళ్లు తెరిచారు.

"గిదేం వేషం బిడ్డా?" అన్నాడు ఆమె బాపు అంతయ్య, దీపం కోసం చేయి చాపి.

"వాపసిద్దామనే గుచ్చిన బాపు" అంది అనసూర్య, హనుమండ్లు కళ్లలోకి సూటిగా చూస్తూ. "ఒకటి తక్కువొచ్చింది. గీయననే తిన్నడు."

అంతయ్య కూతురినీ చూశాడు, దీపాలాయననూ చూశాడు. దండలోంచి ఇంకో బిస్కెట్ తుంచి నోట్లో వేసుకున్నాడు.

"ఇప్పుడు రెండు తక్కువ" అన్నాడు.

ఆ పూట అంతయ్యకు వేరేవాళ్ల దీపం అందింది. తిట్టకుండా దాన్నే పట్టుకుని గనిలోకి దిగాడు.