తొమ్మిదో నంబరు హాజరు

ఆ ఆస్పత్రిలో శవాల గది ముందునుంచైనా ధైర్యంగా నడుస్తారు గానీ, కింది అంతస్తులో ఉన్న కంప్యూటర్ల గది వైపు మాత్రం చీకటి పడ్డాక ఒక్కరూ తొంగిచూడరు. అంత చెడ్డపేరు దానికి. మెట్లు దిగగానే కుడిచేతివైపు ఇనుపతలుపు. లోపల ఎముకలు కొరికే చలి, బీరువా అంత యంత్రం ఒకటి. దాని కడుపులో నలభై కంప్యూటర్లున్నాయి. ఒకటి మందుల చీట్లు చూస్తుంది, ఇంకొకటి ఎక్స్‌రే బొమ్మలు దాస్తుంది. అన్నీ పనిచేస్తాయి, అన్నిటికీ నంబర్లున్నాయి — చేత్తో ముట్టుకుందామంటే మాత్రం ఒక్కటీ దొరకదు. ఒళ్ళు లేని యంత్రాలు. దెయ్యానికి అంతకన్నా అనువైన ఇల్లు ఎక్కడ దొరుకుతుంది చెప్పండి?

ఆ నలభైలో తొమ్మిదో నంబరు మంచిది కాదు.

రాత్రి పదకొండూ పదికి, ఎవరూ ముట్టుకోకుండానే అది లేస్తుంది. తెరమీద దాని పేరు పక్కనున్న ఎర్రచుక్క పచ్చబడుతుంది. పెద్ద యంత్రం పంకాలు ఒక్కసారి గుర్రుమంటాయి. ఇరవై నిమిషాలు... మళ్ళీ చుక్క ఎర్రబడిపోతుంది.

తలుపుకున్న అద్దంలోంచి ఇది మొదట చూసినవాడు రాత్రి కాపలాదారు. అందరూ గేటు తాత అంటారు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు, తెల్లారేసరికి ఆస్పత్రంతా పాకింది. కానీ ఒక్క సంగతి మాత్రం ఆయన ఎవరికీ చెప్పకుండా దాచుకుని, ఆ గది చూసుకునే ఆవిడకి మాత్రమే గుసగుసగా చెప్పాడు.

"అమ్మా... మీరు సెలవు పెట్టిన రాత్రి అది లేవదు. మీరున్న రాత్రే లేస్తుంది."

ఆవిడ నవ్వలేదు. ఎందుకంటే తొమ్మిదో నంబరు ఎవరిదో ఆస్పత్రి మొత్తంలో ఆవిడకొక్కదానికే తెలుసు.

అది ఆవిడ కూతురిది. పన్నెండేళ్ళ పిల్లకి ప్రోగ్రాములు రాయాలని సరదా పుడితే, పెద్ద యంత్రంలో ఖాళీగా ఉన్న మూల చూసి ఆవిడే ఒక చిన్న కంప్యూటరు కట్టిచ్చింది. ఇంట్లో కంప్యూటరు తెరమీదున్న పిల్లిబొమ్మ నొక్కితే చాలు, ఇక్కడ తొమ్మిదో నంబరు లేచేది. "ఏం రాస్తున్నావే?" అంటే, "అయ్యాక చూపిస్తా, తొందరేం?" అనేది పిల్ల. అయ్యాక చూపించలేదు. జ్వరం వచ్చింది. ఇదే ఆస్పత్రిలో, మూడో అంతస్తులో, పదకొండు రోజులు. అంతే.

రెండేళ్ళయింది. ఆ వారమే తొమ్మిదో నంబరుని ఆవిడ తన చేత్తో ఆపింది. తీసెయ్యడానికి చెయ్యి రాలేదు. తెరిచి చూడటానికి గుండె చాలలేదు. అలా ఉంచేసింది.

ఆ ఆపిన యంత్రం... ఈమధ్య రాత్రిళ్ళు లేస్తోంది.

ఇక్కడ ఆవిడ మొగుడి గురించి కూడా చెప్పాలి. ఆయన దర్జీ. పిల్ల పోయిన మూడోరోజున కొట్టు తెరిచి కుట్టుమిషను ముందు కూర్చున్నాడు. కంట ఒక్క చుక్క రాలలేదు. "మనిషి కాదు, బండరాయి" అనుకుంది ఆవిడ. కావాలని రాత్రి డ్యూటీ వేయించుకుంది. ఆయన ఇంటికొచ్చేసరికి ఈవిడ బయల్దేరేది, ఈవిడ వచ్చేసరికి ఆయన కొట్టు తెరిచేవాడు. గిన్నెలో మిగిలినది చూసి రెండోవాళ్ళు తిన్నారో లేదో తెలుసుకోవాలి. కొన్నాళ్ళకి ఆ చూడటమూ మానేశారు.

అలాంటి రోజుల్లో తనిఖీ అధికారి వచ్చాడు. చూసి తల పట్టుకున్నాడు.

"ఇదేం గదమ్మా, సంతా? డాక్టర్లు, గుమాస్తాలు, మరమ్మతువాళ్ళు... ఎవరి ఇంట్లోంచి వాళ్ళు ఈ యంత్రంలోకి వచ్చిపోతున్నారు. ఎవరు నువ్వు అని అడిగే దిక్కు లేదు!"

నిజమే. బయటినుంచి వచ్చే దారి బార్లా తెరిచి ఉంది. ఎవరో వచ్చారు అనే రాసుకుంటుంది చిట్టా, ఎవరొచ్చారో రాయదు.

అప్పట్నుంచి నెల్లాళ్ళు ఆవిడకి అదే పని. లోపలికి రావలసిన ప్రతి మనిషికీ ఆ మనిషి పేరుతో ఒక తాళంచెవి. చేత్తో పట్టుకునేది కాదు, కంప్యూటర్లో దాచుకునేది. దాని మీద ఆవిడ సంతకం ఉంటేనే తలుపు తెరుచుకుంటుంది. దారిలో మాటలు ఎవరూ దొంగచాటుగా వినకుండా గూఢంగా సాగుతాయి. వచ్చినవాళ్ళ పేరు చిట్టాకెక్కుతుంది. "తాళంచెవి ఎక్కడపడితే అక్కడ వదిలేశారో, చంపేస్తాను" అని పెద్ద డాక్టరుని కూడా కేకలేసింది. తాళాలక్క అని పేరు స్థిరపడిపోయింది.

చివరికి మిగిలినవి రెండు పనులు. పాత దారి మూసెయ్యాలి. సొంతదారు లేని యంత్రాల్ని, తొమ్మిదో నంబరుతో సహా, తీసెయ్యాలి. గడువు రేపు పొద్దున్న తొమ్మిది.

ఆ రాత్రి పదిన్నరకి పాత దారి మూసే ముందు ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

దొంగెవడో వస్తున్నాడని అనుకోవచ్చు. చదువుకున్న మనిషి, అలాగే అనుకోవాలి. కానీ పిచ్చితల్లి మనసు ఊరుకుంటుందా? నేనున్న రాత్రే వస్తోంది... నా కోసమే వస్తోందేమో. ఈ దారి మూసేస్తే ఇంక అది ఎలా వస్తుంది? దాని దగ్గర తాళంచెవి లేదు. నేను ఇవ్వలేదు.

ఏడ్చింది. ఏడుస్తూనే మూసేసింది.

పదకొండు. పదకొండూ అయిదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వస్తుందేమోనని భయం. రాకపోతే ఎలాగని దిగులు.

పదకొండూ పది.

పంకాలు గుర్రుమన్నాయి.

తొమ్మిదో నంబరు — పచ్చబడింది.

తలుపు వేసే ఉంది. తాళం పడే ఉంది. మరి ఎలా? చిట్టా తెరిచింది. ఇన్నాళ్ళూ పేరు లేకుండా వచ్చిపోయినదానికి ఈ రాత్రి మొదటిసారి పేరుంటుంది. చిట్టా చివరి వరసలో ఆ పేరు ఉంది.

అది... ఆవిడ పేరే.

ఆవిడ సంతకం చేసిన ఆవిడ తాళంచెవి. ఆవిడ మాత్రం ఇక్కడ, చేతులు ఒళ్ళో పెట్టుకుని.

అప్పుడు, రెండేళ్ళుగా చెయ్యలేని పని చేసింది. తొమ్మిదో నంబరు తెరని తన తెరమీదికి తెచ్చుకుంది.

నల్లటి తెర. పైన పసుపు అక్షరాల్లో — "రాత్రి హాజరు."

కింద ప్రశ్న. కూతురి మాటతీరే, అదే పెత్తనం.

"నాన్నా, వచ్చావా?"

ఎవరో జవాబు రాస్తున్నారు. ఒక అక్షరం. చాలాసేపు ఆగి ఇంకో అక్షరం. తప్పు పడితే చెరిపి, మళ్ళీ మొదట్నుంచి.

"వచ్చాను."

"తిన్నావా?"

"లే... దు."

ఆ తీరు ఆవిడకి తెలుసు. కొలతల పుస్తకంలో అంకెలు రాసుకునే తీరు. ఒక్కొక్కటిగా, తప్పు పోతే గుడ్డ పాడైపోతుందన్నంత జాగ్రత్తగా.

అప్పుడు గుర్తొచ్చింది. పోయిన ఆదివారం, కొత్త తాళం పనిచేస్తుందో లేదో చూద్దామని, ఇంటి కంప్యూటర్లో తన తాళంచెవి పెట్టి చూసుకుంది. తీసెయ్యడం మరిచిపోయింది. ఇవాళ పిల్లిబొమ్మ నొక్కగానే ఆ తాళంచెవే తలుపు తీసింది. ఊరందరినీ కేకలేసిన తాళాలక్క. దీపం కిందే చీకటి. ఆయనకి తాళాలూ తెలీవు, దారులూ తెలీవు. పిల్లిబొమ్మ నొక్కడం ఒక్కటే తెలుసు. ఆవిడ ఇంట్లో ఉన్న రాత్రి నొక్కడు. ఆవిడ డ్యూటీకి వెళ్ళిన రాత్రి, తినకుండా, ఒక్కడే కూర్చుని, కూతురికి హాజరు చెప్పుకుంటున్నాడు.

బండరాయి అనుకుంది. రెండేళ్ళు ఆ మాటే అనుకుంది.

తెరమీద మూడో ప్రశ్న వచ్చింది.

"అమ్మ తిన్నదా?"

జవాబు లేదు. గీత ఒకటి వెలుగుతూ ఆరుతూ ఉంది. నిమిషం... రెండు... అయిదు. ఈ ఇరవై నిమిషాలూ ఆయన ఏం చేస్తున్నాడో ఇప్పుడు అర్థమైంది. ఈ ప్రశ్న ముందు కూర్చుంటున్నాడు. తిన్నదని రాద్దామంటే కూతురికి అబద్ధం చెప్పలేడు. నిజం ఆయనకి తెలీదు. తెలియనివ్వలేదు ఆవిడ. చివరికి అలాగే మూసేసి పోతున్నాడు. అందుకే ఆ పిల్ల రాసిన నాలుగోమాట ఈనాటిదాకా ఎవరూ చూడలేదు.

ఒకే తెర. ఆయన అక్కడ, ఈవిడ ఇక్కడ. ఎవరు నొక్కినా అక్షరం పడుతుంది.

ఆవిడ నొక్కింది.

"లేదు."

అక్కడ ఆయనకి ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి. చేతులు ఒళ్ళో ఉండగా అక్షరాలు వాటంతట అవే పడ్డాయి.

గీత ఆగింది. తెర ఒక్కసారి తుడుచుకుపోయింది. పసుపు అక్షరాలు ఒకటొకటిగా వచ్చాయి.

"ఇద్దరూ తినలేదా? సిగ్గులేదూ? కలిసి తినండి. నాకు నిద్దరొస్తోంది. లైటు ఆర్పేస్తున్నా."

చుక్క ఎర్రబడింది. తొమ్మిదో నంబరు తనంతట తనే ఆగిపోయింది.

గదిలో ఫోను మోగింది. ఎత్తింది.

"అది..." అన్నాడు ఆయన. గొంతు గుసగుసలా ఉంది. "ఇవాళ అదే పడుకుందే. రోజూ నేనే మూసేవాణ్ణి."

"తెలుసు."

"నీకెలా తెలుసు?"

"రెండోసారి లేదు అని రాసింది నేనేనండీ."

ఫోనులో ఒక చప్పుడు వినిపించింది. రెండేళ్ళ కిందట రావలసిన ఏడుపు. ఆవిడ ఆపమనలేదు. తనూ ఆపుకోలేదు.

"నేనింకా పిల్లే రాసిందనుకున్నా..." అన్నాడు చివరికి.

"నేనూ పిల్లే వస్తోందనుకున్నాను. ఇన్నాళ్ళూ."

"ఆరింటికి డ్యూటీ దిగుతాను" అంది ఆవిడ. "అప్పటిదాకా ఆకలికి ఆగుతారా?"

"ఆగుతాలే. కొట్టు ఆలస్యంగా తీస్తాను."

ఫోను పెట్టేశాక ఆవిడ చెయ్యవలసిన పనులు చేసింది. పిల్ల రాసినదంతా చిటికెనవేలంత పెన్‌డ్రైవులోకి దింపుకుని కొంగున ముడేసుకుంది. తొమ్మిదో నంబరుని తీసేసింది. ఆఖరున తన తాళంచెవిని తనే రద్దు చేసుకుంది. కారణం అన్నచోట, "ఇంట్లో వదిలేశాను" అని రాసి సంతకం పెట్టింది.

ఆరింటికి మెట్లెక్కుతుంటే గేటు తాత ఎదురొచ్చాడు. ఆవిడ కళ్ళు చూసి గొంతు తగ్గించాడు.

"రాత్రి అది తొందరగా ఆరిపోయిందేం తల్లీ?"

"ఇంక లేవదు తాతా."

"ఎవరో తెలిసిందా... మగా, ఆడా?"

ఆవిడ కొంగుముడి గట్టిగా పట్టుకుంది.

"మా ఇంట్లోవాళ్ళే తాతా. నేను అన్నం తిన్నానో లేదో కనుక్కోవడానికి వచ్చేవాళ్ళు."