చెవి మిషన్ల డబ్బా

మా బస్సు డిపో వెనక సందు చివర ఓ ఖాళీ ఇల్లుంది. మూడు కుటుంబాలు దిగాయి, మూడూ నెల తిరక్కుండానే ఖాళీ చేసి పోయాయి. ఎందుకని అడిగితే ఎవరూ చెప్పరు... మాట మార్చేస్తారు. పొద్దుగూకాక అటు వైపు మేమెవరం పోం.

మా కండక్టరక్క మాత్రం పోవాల్సొచ్చింది. ఆవిడే చెప్పింది నాకు.

అక్కకి ఏడేళ్ల కూతురు. పుట్టు చెవుడు. చెవి మిషన్లు పెడితేనే వినబడుతుంది. తీసేస్తే పక్కన పిడుగు పడ్డా తిరిగి చూడదు. ఎక్కడన్నా పారేసుకుంటుందని వాటి డబ్బాకి బిళ్లంత ట్రాకర్ అంటించింది అక్క. ఫోన్లో నొక్కితే అది కీచుకీచుమంటుంది.

అనుకున్నంతా అయింది. ఆ సాయంత్రం స్కూలు నుంచి వస్తూ, దురద పెడుతున్నాయని మిషన్లు తీసి డబ్బాలో వేసిందట పిల్ల. ఇంటికొచ్చేసరికి డబ్బా లేదు. ఫోన్లో మ్యాప్ మీద ట్రాకర్ చుక్క చూపించింది — ఆ ఖాళీ ఇంట్లో! పిల్లలు అందులో దూరి ఆడుకుంటారని అప్పుడే తెలిసింది అక్కకి.

పిల్లని ఒంటరిగా వదల్లేక చెయ్యి పట్టుకుని బయల్దేరింది. చీకటి పడిపోయింది. తలుపు తోస్తే తెరుచుకుంది. ఫోన్ నొక్కింది...

కీచ్... కీచ్...

మెట్ల కింద! పిల్ల చెయ్యి వదిలి, వంగి, బూజులో తడిమింది. డబ్బా దొరికింది. రెండు మిషన్లూ ఉన్నాయి. హమ్మయ్య అనుకుని తిరిగేసరికి —

పిల్ల లేదు.

"అమ్మడూ!" అని అరిచింది. మళ్లీ అరిచింది. అరిచి ఏం లాభం? పిల్ల చెవులు తన గుప్పిట్లో ఉన్నాయి... అంతలో ఛార్జింగ్ అయిపోయి ఫోనూ ఆరిపోయింది. డబ్బాకి ట్రాకర్ పెట్టింది గానీ పిల్లకి పెట్టలేదే! ఏ గదిలో ఉందో, ఏ మూల ఉందో... చీకట్లో గోడలు పట్టుకుని నడిచింది.

వెనక గదిలోంచి సన్నగా పిల్ల గొంతు — "ఆఁ... ఉన్నా."

కిటికీ వెలుతురులో కనబడింది. మూసిన తలుపుకి చెవి ఆనించి నిలబడి ఉంది. అక్క ఒక్క ఉదుటున ఎత్తుకుని వీధి దీపం కిందికి పరిగెత్తింది. అక్కడే మిషన్లు పెట్టింది.

"ఎవరితోనే మాట్లాడుతున్నావ్?"

"లోపల ఎవరో అమ్మమ్మ... తలుపు తియ్యమని ఏడుస్తోంది."

"నీకెలా వినబడిందే?"

పిల్ల చెవులు తడుముకుంది. "ఏమో... ఇవి పెట్టగానే ఆగిపోయింది."

ఇప్పుడు పడుకునేటప్పుడు కూడా మిషన్లు తియ్యనివ్వడం లేదట ఆ పిల్ల. తీస్తే ఆ ఏడుపు — వాళ్లింట్లోనే వినబడుతోందట.