దక్షిణం మూల తొట్టి

ఆ ఏడు ఎండలు మామూలుగా లేవు. రెండువేల మూడు, రోహిణి కార్తె. నల్లపాడులో కుళాయి రోజు మార్చి రోజు వచ్చేది, అదీ పావుగంట. గుంటూరు మిర్చి యార్డు వైపు నుంచి గాలి తిరిగిందంటే మిరప ఘాటుకి వీధి వీధంతా తుమ్మేది. అలాంటి రోజుల్లో మాధురి మొగుణ్ణి తీసుకుని ఊటీ ప్రయాణం కట్టింది. అత్తగారు పోయి రెండు నెలలు తిరక్కుండానే ఈ షికార్లేమిటని ఇరుగుపొరుగు మూతులు తిప్పారు. పక్కింటి కోటేశ్వరి ఒక్కతే ఊరుకోలేదు.

"మూడేళ్ళు మంచాన పడ్డ మనిషికి చాకిరీ చేసింది. పది రోజులు చల్లగా తిరిగొస్తే మీ సొమ్మేం పోయింది?" అని కుళాయి దగ్గర అందరి మీదా లేచింది.

కోటేశ్వరికి మొగుడు లేడు, పిల్లల్లేరు. జాకెట్లు కుట్టుకుని బతుకుతుంది. ఆమె వంటింటికీ మాధురి వాళ్ళ వెనక గదికీ మధ్య ఉన్నది ఒకే గోడ. ఆ వీధిలో ఆమెని నోరారా "అక్కా" అని పిలిచేది మాధురి ఒక్కతే. ఆ పిలుపు కోసం కోటేశ్వరి చేతిలో పని అవతల పారేసి పరిగెత్తేది. పిచ్చిది, అంత ఆశపడకుండా ఉండాల్సింది.

ప్రయాణం ముందురోజు మాధురి ఆమెని డాబా మీదికి తీసుకెళ్ళింది. పిట్టగోడ పొడుగునా తొట్లు. గులాబీలు, మల్లె, కనకాంబరాలు, ముద్దమందారం.

"వీటికి పొద్దున పోస్తే చాలక్కా. ఇదిగో, ఈ దక్షిణం మూల తొట్టికి మాత్రం సాయంత్రం పొయ్యాలి. పది రోజులూ తప్పకూడదు."

ఆ తొట్టిలో మట్టి తప్ప ఏమీ లేదు.

"ఏం వేశావే ఇందులో?"

"విత్తనం పెట్టా, ఇంకా మొలవలేదు. ఈ రాగిచెంబుతోనే పొయ్యి. నీళ్ళలో ఈ పొడి చిటికెడు వెయ్యి, బలం. గబుక్కున కుమ్మరించకు, మట్టి లేచిపోతుంది. చెయ్యి అడ్డం పెట్టి బొటనవేలి పక్కనుంచి ధారగా జారనియ్యి."

చెంబు మీద చుక్కలు చుక్కలుగా పేరు కొట్టి ఉంది. బసవమ్మ. పోయిన అత్తగారిదే. మాధురి ఆ చెంబుని కోటేశ్వరి చేతిలో పెట్టి, రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది.

"మా ఇంటి మనిషివనుకుని చెబుతున్నా అక్కా. మా ఇంటి మనిషిగా పోస్తానని నోటితో ఒక్కమాట అను."

"ఓసి పిచ్చిదానా, ఇంత చిన్న పనికి ఒట్లెందుకే? మీ ఇంటి మనిషిగానే పోస్తాను, సరేనా?" అంది కోటేశ్వరి. ఆ రాత్రి ఆ మాటే తలచుకుని తలచుకుని సంతోషపడింది.

మొదటి మూడు రోజులూ బాగానే గడిచాయి. తన వాడకం తగ్గించుకుని మరీ తొట్లకి పోసింది. పొద్దుగూకే వేళకి చెంబు తీసుకుని మళ్ళీ డాబా ఎక్కేది. దక్షిణం మూల తొట్టి ఎంత పోసినా పీల్చేసేది. అడుగు కన్నంలోంచి చుక్క కారేది కాదు. మర్నాటికి మట్టి ఎండిన పెదవిలా పగిలి ఉండేది. ఎండలు కదా అనుకుంది.

నాలుగో రోజు ధార పోస్తుంటే చప్పుడు వినిపించింది.

గుటక.

పొయ్యడం ఆపింది. చప్పుడు ఆగింది. మళ్ళీ పోసింది. గుటక... గుటక... ఆవురావురుమని ఎవరో తాగుతున్నట్టు. ఎండిన మట్టిలోకి నీరు దిగితే అలాగే ఉంటుందని తనకి తనే చెప్పుకుని, వెనక్కి చూడకుండా మెట్లు దిగింది.

ఆరో రోజు వాసన మొదలైంది. మల్లెతొట్టి పక్కనే ఉన్నా మల్లెల వాసన రాలేదు. అమృతాంజనం, డెటాల్, వాటి కింద ఆరీ ఆరని పక్కబట్టల ముతక వాసన. ఆ వాసన కోటేశ్వరికి కొత్తది కాదు. మార్చి నెలంతా గోడ అవతల గదిలోంచి వచ్చింది అదే.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం భోజనానికి కూర్చుని, నీళ్ళ కోసం తన మట్టికుండ మూత తీసింది. పొద్దున్నే అంచుదాకా నింపిన కుండ. పొడిగా ఉంది. కింద తడి లేదు, కుండకి చిల్లు లేదు. లోపలి గోడకి మాత్రం ఐదు వేళ్ళతో గీరిన గీతలున్నాయి... అడుగుదాకా.

తొమ్మిదో రోజు పొడి పొట్లం చివరికొచ్చింది. చిటికెడు తీయబోతే అడుగున నలగకుండా మిగిలిన గింజలు కాసిని చేతికి తగిలాయి. వెలుతురులో పెట్టి చూసింది. నల్ల నువ్వులు.

కాళ్ళ కింద డాబా ఇంకా కాలుతూనే ఉంది, ఒళ్ళు మాత్రం చల్లబడింది. నువ్వులు కలిపిన నీళ్ళు, దక్షిణం దిక్కున, బొటనవేలి పక్కనుంచి జారనివ్వడం. మొగుడు పోయినప్పుడు పురోహితుడు తన వాళ్ళ చేత పోయించిందీ ఇలాగే. చచ్చిపోయినవాళ్ళకి నీళ్ళు వదలడం ఇది. పది రోజులు, ఇంటి మనిషి చెయ్యాలి. అందుకేనా ఆ ఒక్కమాట నోటితో అనిపించుకుంది?

బసవమ్మకి పదో రోజున పెట్టిన పిండం కాకి ముట్టలేదు. కోటేశ్వరి కూడా అక్కడే ఉంది. కొడుకు శ్రీకృష్ణ ఏమేమి మొక్కినా, ఎన్ని మాటలిచ్చినా కాకి గోడ దిగలేదు. ముసలమ్మకి ఏం కోరిక మిగిలిందోనని అందరూ చెవులు కొరుక్కున్నారు. మాధురి మాత్రం తల ఎత్తలేదు.

ఆ సాయంత్రం తొట్టికి ఎలా పోసిందో ఆమెకే తెలియదు. కిందికి దిగేసరికి అమీర్‌బీ ఎదురైంది. బసవమ్మని పగటిపూట కనిపెట్టుకుని ఉన్న ఆయా ఆమె. కోటేశ్వరి ఆమెని చెయ్యిపట్టుకుని అరుగు మీద కూర్చోబెట్టింది.

"అమీర్‌బీ, నిజం చెప్పు. బసవమ్మ పిన్నికి ఏం కోరిక మిగిలిపోయింది?"

అమీర్‌బీ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "కోరికేంటి కోటేశ్వరమ్మా... నీళ్ళు. తాగిస్తే పక్క తడుపుతుందని ఆఖరి పది రోజులూ గుక్కెడివ్వలేదు ఆ కోడలు. నేను దొంగతనంగా తెచ్చిన గ్లాసు లాక్కుని నన్ను మానిపించేసింది. డాక్టరు వద్దన్నాడంట! ఏ డాక్టరూ ఆ మాట అనలేదమ్మా."

కోటేశ్వరికి అంతా గుర్తొచ్చింది. ఆ పది రోజులూ మిట్టమధ్యాహ్నాలు గోడ అవతలనుంచి ఆ గొంతు తన పేరు పెట్టే పిలిచింది. కోటేశ్వరీ... గుక్కెడు నీళ్ళే... ఒకసారి గ్లాసుతో వెళ్ళింది కూడా. మాధురి తలుపు సందులోంచే ఆపింది. "డాక్టరు వద్దన్నాడక్కా. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది" అంది. కళ్ళ నిండా నీళ్ళు పెట్టుకుంది. పాపం మాధురి ఎంత బాధపడుతోందో అనుకుని గ్లాసు వెనక్కి తెచ్చుకుంది తను. ఆ నీళ్ళు తనే తాగింది.

పదో రోజు పొద్దుగూకింది. పాపం, దప్పికతో పోయిన ప్రాణం. ఒక్క చెంబు పోసేస్తే ఏమవుతుంది అనిపించి, కోటేశ్వరి మిగిలిన నువ్వులు వేసి చెంబు నింపుకుని డాబా ఎక్కింది. గాలి లేదు. మొక్కల ఆకు కదలడం లేదు. మూల తొట్టిలో మట్టి మాత్రం కదులుతోంది. లోపలికి... పైకి... ఊపిరిలా.

"కోటేశ్వరీ..."

చెంబు వంచబోయిన చెయ్యి ఆగింది. మా ఇంటి మనిషివి అన్న మాధురి మొహం కళ్ళ ముందుకొచ్చింది. ఏడేళ్ళ నుంచి అక్కా అక్కా అని పిలిచింది దీనికా!

"పిన్నీ," అంది. "నేను నీ ఇంటి మనిషిని కాదు. ఉత్త పక్కింటిదాన్ని. రేపు నీ కోడలొస్తుంది. నీకు బాకీ ఉన్నది ఆ చెయ్యి. ఆ చేత్తోనే తాగు."

వెనక్కి తిరిగింది. నిండు చెంబుతో మెట్లు దిగింది. వెనక మెట్ల మీద తడిబట్ట ఈడ్చుకొస్తున్న చప్పుడు... ఒక్కో మెట్టే... తనతోపాటే. మాధురి తలుపు ముందు చెంబు పెట్టి, దాని మీద పళ్ళెం మూసి తన ఇంట్లోకి వచ్చి గడియ వేసుకుంది. ఆ చప్పుడు ఆమె గుమ్మం దాకా రాలేదు. పక్క గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

పదకొండో రోజు పదిగంటల ఎండలో ఆటో వచ్చి ఆగింది. శ్రీకృష్ణ సామాను దించి, అదే ఆటోలో యార్డుకి పనిమీద వెళ్ళిపోయాడు. కాసేపటికి మాధురి నవ్వుకుంటూ కోటేశ్వరి ఇంటికొచ్చింది. చేతిలో ఊటీ టీపొడి పొట్లం.

"పదో రోజుది పోశావా అక్కా?" అంది. మొక్కల సంగతేమీ అడగలేదు.

"పొయ్యలేదు. పొయ్యను. పొట్లంలో ఏముందో చూశాను మాధురీ."

మాధురి నవ్వు పోయింది. ఉన్నచోటే కూలబడింది. "నేనూ మనిషినే కదక్కా," అని గొణిగింది. "రోజుకి ఆరు దుప్పట్లు ఉతికా. పోయాకైనా వదిలిందా? నేను పోస్తే నీళ్ళు మట్టి మీదే నిలబడిపోయేవి. నా చేతివి వద్దంది. ఇంకో చెయ్యి పది రోజులు పోస్తే ఆ ఇంటికి పోతుందన్నారు..."

"అందుకని నా ఇంటికి తోలావా?"

"నీకెవరూ లేరు కదక్కా... అందుకని..."

గోడ అవతలి గొంతు విన్నప్పుడు కూడా కోటేశ్వరికి గుండె అంతగా కలుక్కుమనలేదు. ఎవరూ లేరు కదా. నిజమే. ఆ ఒక్కతి ఉందనుకుంది ఇన్నాళ్ళూ. ఏడుపు వస్తుందేమో అనుకుంది, రాలేదు.

"నీ గుమ్మంలో చెంబు నింపి పెట్టా," అంది. "తీసుకెళ్ళి నువ్వే పొయ్యి. కాళ్ళు పట్టుకో, ఏడువు, ఏమైనా చెయ్యి."

మాధురి తల ఎత్తింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"గుమ్మంలోదా... ఎండన పడి వస్తామని... మాకోసం పెట్టావనుకున్నానక్కా."

"ఆఁ?"

"తాగేశా. మొత్తం." నాలుకతో పెదవులు తడుపుకుంది. పెదవులు తడవలేదు. "అడుగున ఏవో నలకలు తగిలాయి. అప్పట్నుంచి... దాహం. ఇంట్లో బిందె నీళ్ళూ తాగా. తీరట్లేదు."

ఇంటికొచ్చినవాళ్ళకి గుమ్మంలో చెంబెడు నీళ్ళు అందించడం ఎవరైనా చేసేదే. నిన్న సాయంత్రం ఆ సంగతి తనకి తట్టలేదా? తట్టిందా? కోటేశ్వరి తనని తాను అడగలేదు. మాధురి లేచి గోడ పట్టుకుని నడుస్తూ వెళ్ళిపోయింది. ఆమె వెనకే తలుపు మూసుకుంది.

మిట్టమధ్యాహ్నం అయింది. వీధిలో పురుగు లేదు. కోటేశ్వరి వంటింట్లో కూర్చుని ఉండగా గోడ అవతలనుంచి, మంచం ఉండే చోటునుంచి, వినిపించింది.

"అక్కా... గుక్కెడు నీళ్ళే..."

మాధురి గొంతు.

కోటేశ్వరి చెవులు మూసుకుంది. ఎంతసేపో మూసుకోలేకపోయింది. ఒకసారి గ్లాసు వెనక్కి తెచ్చుకున్న పాపం ఉంది కదా. లేచింది. కుండలోంచి గ్లాసు ముంచుకుని పక్కింటికి వెళ్ళి తలుపు తట్టింది.

"మాధురీ... తలుపు తియ్యి. నీళ్ళు తెచ్చా."

తలుపు బెత్తెడు తెరుచుకుంది. లోపల చీకటి. అమృతాంజనం వాసన. ఆ సందులో మనిషెవరూ కనబడలేదు. గొంతు మాత్రం వినిపించింది. నిదానంగా, చల్లగా, కడుపునిండా తాగినవాళ్ళ గొంతు. ముసలిది.

"డాక్టరు వద్దన్నాడు కోటేశ్వరీ."

తలుపు మూసుకుంది. లోపల గడియ పడింది.

కోటేశ్వరి ఎలా వెనక్కొచ్చి పడిందో తెలియదు. కాసేపటికి గొంతు తడారిపోయి, చేతిలో ఇంకా ఉన్న గ్లాసు ఎత్తబోయింది. తన కుండలోంచి, తన చేత్తో ముంచిన నీళ్ళు. నోటి దాకా తెచ్చి ఆగింది.

గ్లాసు అడుగున... నాలుగు నల్ల నువ్వులున్నాయి.